నోరున్న ఊళ్ళో మూకీ నటుడు

విజయనగరంలో అయ్యకోనేరుకి దగ్గర్లో మా బావ ఇల్లు. ఆయన తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సెలవులన్నీ హరికథలకి హార్మోనియం వాయించడానికే సరిపోయేవి. నేను సినిమా హాలు ఆపరేటర్ని. కార్బన్ పుల్లల కాలంలో చేరి, రీళ్ళు పోయి హార్డ్ డిస్కులొచ్చాక దిగిపోయాను. మా వీధి గ్రంథాలయంలో పదిమందిమి చేరి నెలకో సభ పెట్టుకుంటాం. సెప్టెంబరు 28 మూకీల నాటి నటుడు పైడి జైరాజ్ పుట్టినరోజు గనక ఈసారి ఆయన మీద పెడదామన్నాను. బావ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం అరుగు మీద మా ఇద్దరి మధ్యా నడిచిన మాటలివి. నా వాదన నెగ్గించుకోడానికి ఆయన మాట ఎక్కడా తగ్గించి రాయలేదు.

బావ: ఏమోయ్, ముందిది చెప్పు. ఈ ఊళ్ళో సభ పెట్టి నోరు లేని నటుడి గురించి మాటాడతావేటి? ఇది ఏ ఊరనుకున్నావు? ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి హరికథ చెప్పిన ఊరు. 1919లో రాజావారు సంగీత పాఠశాల పెట్టి దాసుగారికి అప్పగించిన ఊరు. ఆయన తరవాత ఆ కుర్చీలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు కూచున్నారు. ఘంటసాల జోలె పట్టి, మధూకరం ఎత్తుకుని చదువుకున్నది ఈ వీధుల్లోనే. సుశీల పుట్టింది ఇక్కడే. 1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఇక్కడే, అందులో ఉన్నదంతా మాటే. ఇది గొంతుల ఊరోయ్.

నేను: అందుకే ఇక్కడ పెడదామంటున్నాను బావా. గొంతు విలువ తెలిసినవాళ్ళకే గొంతు లేకుండా నెగ్గుకు రావడం ఎంత కష్టమో తెలుస్తుంది.

బావ: వినడానికి బాగుంది. గాని శాస్త్రం ఏమంటుంది? ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. అభినయానికి నాలుగు కోళ్ళు. అందులో వాచికం ఊడబీకేస్తే అది కుంటి మంచం. ఎన్నాళ్ళు నిలబడింది? 1913లో ఫాల్కే రాజా హరిశ్చంద్ర తీశాడు. 1934 వచ్చేసరికి మూకీల పని అయిపోయింది. ఇరవై ఏళ్ళు దాటి ఒక్క ఏడు. మా హరికథకి ఎన్ని వందల ఏళ్ళ వెనకటి వేళ్ళున్నాయో నీకు తెలుసు.

నేను: నువ్వు శాస్త్రం చెప్పావు. నేను నా క్యాబిన్ సంగతి చెప్తాను. బావా, నేను ముప్పై ఏళ్ళు సినిమాలన్నీ మూకీలుగానే చూశాను.

బావ: అదెలగ?

నేను: క్యాబిన్లో రెండు ప్రొజెక్టర్లు. అవి తిరుగుతుంటే ఆ హోరులో మన మాట మనకే వినపడదు. గోడలో చిన్న కంత, దానికో అద్దం. ఆ కంతలోంచి తెర కనపడుతుంది, అంతే. పక్కన చిన్న స్పీకరు ఉన్నా దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆపరేటరుకి కావాల్సింది చెవి కాదు, కన్ను. రీలు అయిపోవచ్చేసరికి తెర కుడివైపు పై మూలన ఒక చుక్క పడుతుంది. అప్పుడు రెండో మిషను మోటారు వెయ్యాలి. ఇంకొన్ని సెకన్లకి మరో చుక్క. అప్పుడు మార్చాలి. కన్ను తిప్పేవా, హాల్లో ఈలలు. కాబట్టి తెర మీంచి కన్ను తియ్యకుండా, మాట వినకుండా, ఒక్కో సినిమా వందసార్లు చూసేవాణ్ణి. అలా చూస్తే ఒకటి తెలుస్తుంది. గొంతు తీసేస్తే చాలామంది హీరోలు ఏమీ చెయ్యడం లేదు. పెదాలు కదుపుతున్నారు, చేతులు ఊపుతున్నారు. కొద్దిమంది మాత్రం అప్పటికీ మనిషిలా ఉంటారు.

బావ: వాళ్ళలో నీ జైరాజ్ ఒకడా?

నేను: షోలే మా హాలుకొచ్చినప్పుడు నేను కుర్రాణ్ణి, ఫిల్ము చుట్టే పని నాది. అందులో పోలీసు కమిషనరు వేషం ఒకటుంది, చాలా చిన్నది. ఎవరూ గుర్తుపెట్టుకునేది కాదు. కంతలోంచి చూస్తున్న నాకు ఆ ముసలాయన దగ్గర కన్ను ఆగింది. ఏమీ చెయ్యడం లేదాయన. నిలబడ్డాడు, ఎదటివాడి మాట వింటున్నాడు. వినడం కనపడుతోంది. రోజుకి నాలుగాటలు చూశాను, నాలుగుసార్లూ కనపడింది. మా పెద్ద ఆపరేటర్ని అడిగితే, ‘జైరాజ్‌రా, మూకీల నాటి హీరో, మన తెలుగువాడే’ అన్నాడు. నేను నమ్మలేదు. ఆ తరవాత ఆయన గురించి దొరికిందల్లా చదువుకుంటూ వచ్చాను.

బావ: తెలుగువాడంటే ఎలగ తెలుగువాడు? పుట్టుకా, భాషా, చేసిన పనా? పేరు తెచ్చుకున్నదంతా బొంబాయిలో, హిందీలో. మనకేటి ఇచ్చాడని మనం సభ పెట్టాలి?

నేను: కరీంనగర్లో పుట్టాడు, 1909లో. సరోజినీ నాయుడు గారికి బంధువు. హైదరాబాదు నిజాం కాలేజీలో చదువుతూ నాటకాల మీద మనసు పడ్డాడు. 1929లో బొంబాయి వెళ్ళాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు. ఆ ఏడే ‘జగ్‌మగ్‌తీ జవానీ’ అనే మూకీలో వేషం దొరికింది. మరుసటేడు ‘రసీలీ రాణీ’. టాకీలు వచ్చేలోపు పదకొండు దాకా మూకీలు చేశాడు. నువ్వు అడిగిన ప్రశ్న నిన్నే తిరిగి అడుగుతాను. ఘంటసాల ఏ ఊరివాడు? కృష్ణా జిల్లా చౌటపల్లి. ద్వారం వారు పుట్టింది బెంగుళూరు. దాసుగారిదైనా బొబ్బిలి దగ్గర అజ్జాడ. వచ్చినవాళ్ళందర్నీ మనవాళ్ళని చెప్పుకుంటాం, బాగుంది. మరి వెళ్ళినవాణ్ణి మనవాడని చెప్పుకోడానికి ఎందుకు అడ్డం?

బావ: వాళ్ళు ఇక్కడ నేర్చారు, ఇక్కడ నేర్పారు.

నేను: సరే. గాని ఇంటిపేరు చూడు. పైడి. మన ఊరి అమ్మవారు పైడితల్లి పైడే అది. బంగారం. కరీంనగర్ వాడి ఇంటిపేరు పిలిస్తే మన గుళ్ళో గంట మోగినట్టుంటుంది నాకు.

(బావ దానికి నవ్వాడు. ఒప్పుకోలేదు గాని, ‘పైడి’ అని ఒకసారి తనలో తను అనుకున్నాడు. ఆయన తెలుగు పంతులు. మాట మీద ఆయనకి మమకారం.)

బావ: సరే, ఆ కుర్రాడు బొంబాయిలో ఎలగ నెగ్గాడు? మరాఠీ రాదు, గుజరాతీ రాదు.

నేను: మూకీకి భాష లేదు బావా, అదే కిటుకు. నువ్వు వాచికం ఊడబీకేసిన మంచం అన్నావు గాని, ఆ ఊడిన చోటునుంచే చాలామంది లోపలికొచ్చారు. ఆ రోజుల్లో సులోచన అని పెద్ద తార ఉండేది. యూదు పిల్ల, అసలు పేరు రూబీ మేయర్స్, అంతకు ముందు టెలిఫోన్ ఆపరేటరు. మన మద్రాసు చూడు. మచిలీపట్నంలో పుట్టిన రఘుపతి వెంకయ్య కొడుకు సూర్యప్రకాశ్‌ని సినిమా పని నేర్చుకు రమ్మని లండన్ పంపించాడు. తిరిగొచ్చాక గాజు పైకప్పుతో స్టూడియో కట్టారు, ఎండ లోపలికి దిగడానికి. ఆ రోజుల్లో ఎండే దీపం. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. ప్రకాశే దర్శకుడు, ప్రకాశే భీష్ముడు. గంగ ఎవరో తెలుసా? పెగ్గీ కాస్టెల్లో అని ఆంగ్లో ఇండియన్ పిల్ల. మన ఆడవాళ్ళు తెర మీదికి రాని రోజులు. తెలుగు ముక్క పలకాల్సి వస్తే ఆ పిల్ల గంగాదేవి అయ్యేదా?

బావ: శంతనుడు ‘నువ్వెవరు’ అనడిగితే గంగ ఏమీ చెప్పకపోవడమే కదా ఆ కథ.

(ఇది నాకు తట్టలేదు. నా వాదానికి ఆయనే బలమిచ్చాడు. ఇచ్చిన సంగతి ఆయనా గమనించాడు, గమనించి కొంచెం చిరాకు పడ్డాడు.)

బావ: గాని తరవాతి సంగతి చెప్పవేం? టాకీ వచ్చింది. అప్పుడేటయింది మీ మూగనోములకి?

నేను: 1931 మార్చి 14న ‘ఆలం ఆరా’ బొంబాయిలో విడుదలైంది. హీరో మాస్టర్ విఠల్. మూకీల్లో కత్తియుద్ధాలు చేసి జనాన్ని ఊపేసినవాడు. పాత కంపెనీ కాంట్రాక్టు తెంచుకుని ఈ సినిమాకి వస్తే ఆ కంపెనీ కోర్టుకి లాగింది. విఠల్ తరపున వాదించి గెలిపించింది ఎవరనుకున్నావు? జిన్నా. అంత కష్టపడి తెచ్చుకున్న హీరోకి తీరా ఉర్దూ సరిగ్గా పలకదు. చేసేది లేక, సినిమాలో చాలా భాగం అతను మత్తులో, మైకంలో ఉన్నట్టు పెట్టి నడిపించారు.

బావ: అదీ! కత్తి తిప్పినవాణ్ణి మాట పడగొట్టింది. మరి జైరాజ్ ఎందుకు పడిపోలేదు? నేను చెప్తాను విను. హైదరాబాదు కుర్రాడు గనక. నిజాం రాజ్యంలో చదువుకున్నవాడికి ఉర్దూ నోట్లోనే ఉంటుంది. అంటే నీ మూకీ నటుణ్ణి కాపాడింది ఆంగికం కాదు, వాచికమే. గొంతే.

నేను: ఆ మాట ఒప్పుకుంటాను. 1932లో ‘శికారీ’తో టాకీల్లో అడుగుపెట్టాడు, ఆ తరవాత వెనక్కి చూడలేదు. ఉర్దూ లేకపోతే ఆయన కథ 1931తో అయిపోయేది. పేర్లు కూడా మిగలని ఎంతమందిలానో.

బావ: ఒప్పుకున్నావా? అయితే సభ దేనికి?

నేను: ఉర్దూ వచ్చినవాళ్ళు హైదరాబాదులో లక్షమంది ఉన్నారు. బాంబే టాకీస్ వాళ్ళు పిలిచింది లక్షమందినీ కాదు. 1938లో ‘భాభీ’కి ఆయన్ని హీరోగా పెట్టుకున్నారు. 1943లో దేవికారాణి నటించిన చివరి సినిమా ‘హమారీ బాత్’లో హీరో ఈయనే. 1945లో ‘ప్రతిమ’కి దర్శకుడు ఈయన, అందులో కుర్ర హీరో దిలీప్ కుమార్, అప్పటికి దిలీప్‌కి అది రెండో సినిమా. తరవాత చరిత్ర సినిమాలు వరస కట్టాయి. అమర్ సింగ్ రాథోడ్, పృథ్వీరాజ్ చౌహాన్, టిప్పు సుల్తాన్, చంద్రశేఖర్ ఆజాద్. హిందీవాళ్ళకి తమ రాజులు ఎలా ఉండేవారంటే ఈ కరీంనగర్ మనిషి మొహం గుర్తొచ్చేది. 1980లో ఫాల్కే అవార్డు ఇచ్చారు. తెలుగువాళ్ళలో అంతకు ముందు వచ్చింది బి.ఎన్. రెడ్డి గారికి ఒక్కరికే. 2000 ఆగస్టులో బొంబాయిలోనే పోయాడు, తొంభై ఏళ్ళు నిండి. అంత బతుకులో మూకీల్లో ఉన్నది మూడేళ్ళే. గాని ఆ మూడేళ్ళూ ఆయనకి ఓనమాలు. ఒకసారి ఆలోచించు బావా. కెమెరాని చేత్తో తిప్పేవాళ్ళు, సెకనుకి పదహారు బొమ్మలో, పద్దెనిమిదో. ఎండ నడినెత్తిన ఉండాలి. ఆ ఫిల్ముకి ఎరుపు రంగు నల్లగా పడేది, అందుకని మొహానికి తెల్లగా పూసేవారు. ఆ పూత కింద నుంచి దుఃఖం బయటికి రావాలి. దర్శకుడు పక్కనుంచి అరుస్తూనే ఉంటాడు. వీటన్నిటి మధ్యా ఇరవై ఏళ్ళ కుర్రాడు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు తల తిప్పాలో నేర్చుకున్నాడు. నలభై అయిదేళ్ళ తరవాత షోలేలో నేను చూసింది దాన్నే.

బావ: నువ్వు చూశావనుకున్నదాన్ని.

నేను: అనుకున్నాననే అనుకో.

బావ: నాకు అసలు బాధ ఇక్కడే ఉంది, జాగ్రత్తగా విను. నీ జైరాజ్ మూకీ ఒక్కటైనా చూశావా?

నేను: లేదు.

బావ: ఎవరైనా చూడొచ్చా?

నేను: నా చేతికి దొరికేది ఒక్కటీ లేదు. మన దేశంలో మూకీలు పదమూడు వందల పైచిలుకు తీశారు. మిగిలినవి ముప్పై దాకా, అందులోనూ చాలావరకు తునకలే. ‘భీష్మ ప్రతిజ్ఞ’ ఒక్క అడుగు ఫిల్ము లేదు. కాకినాడలో సి. పుల్లయ్య గారు తీసిన ‘భక్త మార్కండేయ’ లేదు, ఆయనే వేసిన యముడు వేషమూ లేదు. అది నైట్రేట్ ఫిల్ము బావా. నేను నా ఉద్యోగంలో వాడింది దాని తరవాత వచ్చిన రకం, అంత తేలిగ్గా అంటుకోదు. నైట్రేట్ అలా కాదు, నిప్పు తగిలితే ఆరదు, నీళ్ళలో ముంచినా మండుతుంది. నిప్పు తగలకపోయినా డబ్బాలో ఉన్నదున్నట్టే జిగురై, ఆఖరికి గోధుమరంగు పొడి అయిపోతుంది. టాకీలు వచ్చాక మూకీలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఫిల్ములో వెండి ఉంటుంది గనక కరిగించి వెండి తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. దక్షిణాదిలో మిగిలింది ‘మార్తాండ వర్మ’. 1933 నాటిది. దాన్ని కాపాడింది ఎవరి ప్రేమా కాదు. నవల హక్కుల మీద తగాదా వచ్చింది, ప్రింటు పుస్తకాల కంపెనీ చేతిలో పడి మూలనుండిపోయింది. నలభై ఏళ్ళ తరవాత ఫిల్మ్ ఆర్కైవ్ వాళ్ళు తీసుకెళ్ళారు. తగాదా రాకపోతే అదీ పోయేది.

(ఇది చెప్తుంటే నా గొంతు పట్టేసింది. ముప్పై ఏళ్ళు ఫిల్ముని చేతుల్లో పట్టుకున్నవాణ్ణి. తెగితే బ్లేడుతో గీరి, సిమెంటు రాసి, వేలితో అదిమి అతికించినవాణ్ణి. ఒక్క జాయింటు వదిలేస్తే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. పదమూడు వందల సినిమాలు పొడైపోయాయంటే నాకు అది లెక్కగా వినపడదు.)

బావ: నీ బాధ తెలుస్తోంది. గాని నీ బాధే నా వాదన. ఏమీ మిగలని నటుడి గొప్పతనం ఎవరు చెప్పగలరు? చూసినవాళ్ళు పోయారు, చూపించేది పోయింది. మిగిలింది పేరు. పేరుకి దండ వేస్తామా?

నేను: బావా, ఒకటడుగుతాను, కోపగించుకోకు. నువ్వు దాసుగారి కథ విన్నావా?

బావ: ఆయన 1945 జనవరిలో పోయారు. నేను అప్పటికి పుట్టలేదు. నీకు తెలుసుగా.

నేను: మీ నాన్నగారు?

బావ: మా తాతగారు విన్నారు. కోటలో ఒకసారి, మరోసారి ఎక్కడో పెళ్ళిలో. కాళ్ళతో ఒక తాళం, చేతులతో ఒక తాళం, నోట్లో ఇంకొకటి. ఆయన గొంతెత్తితే వీధి చివరికి వినపడేదిట. తాతగారు చెప్తూ చెప్తూ కళ్ళు తుడుచుకునేవారు.

నేను: అంటే నువ్వు దాసుగారి గొంతు వినలేదు. ఈ ఊళ్ళో ఇప్పుడు తిరుగుతున్నవాళ్ళలో విన్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? మన ఊరు చెప్పుకునే అన్నిటికన్నా పెద్ద గొంతు, ఊరిలో ఎవరూ వినని గొంతు. నువ్వు తాతగారి కన్నీళ్ళని నమ్మావు. నేను మా పెద్ద ఆపరేటర్ మాట నమ్మాను. తేడా ఏటి?

(బావ చాలాసేపు మాట్లాడలేదు. అక్క లోపల్నుంచి టీ తెచ్చి పెట్టి వెళ్ళింది. ఆయన గ్లాసు ఎత్తి, తాగకుండా మళ్ళీ కింద పెట్టాడు.)

బావ: తేడా ఉంది. దాసుగారు రాసిపెట్టి వెళ్ళారు. హరికథలు ఉన్నాయి, కీర్తనలున్నాయి. శిష్యులున్నారు. శిష్యుల శిష్యులకి నేను హార్మోనియం వాయించాను. ఒక గమకం దగ్గర ఆ కథకుడు ఆగితే, ఇది దాసుగారి ఆగడం అని పెద్దవాళ్ళు తలలూపేవారు. గొంతు పోయినా దారి మిగిలింది. మూకీ నటుడికి శిష్యుడెవరు?

నేను: తనకి తనే. ఇరవై ఏళ్ళ జైరాజ్‌కి అరవై అయిదేళ్ళ జైరాజే శిష్యుడు. నేను చూసింది ఆ శిష్యుణ్ణి. ఇంకో మనిషిని చూడు. మన ఏలూరు వైపునుంచి వెళ్ళిన ఎల్.వి. ప్రసాద్ గారు. బొంబాయిలో మొదట ‘స్టార్ ఆఫ్ ది ఈస్ట్’ అనే మూకీలో చిన్న వేషం వేశారు. ఆ తరవాత ఆలం ఆరాలోనూ, తమిళానికి కాళిదాస్‌లోనూ, తెలుగుకి భక్త ప్రహ్లాదలోనూ ఉన్నారు. మూడు భాషల మొదటి టాకీలు మూడూ. పెద్దయ్యాక ఆయన తీసిన సినిమాల్లో నటులు ఎంత తక్కువ కదులుతారో, ఆ తక్కువలో ఎంత చెప్తారో ‘మిస్సమ్మ’ చూడు. దారి మిగల్లేదనకు బావా. పేరు పెట్టుకోని దారి అది.

బావ: ‘మిస్సమ్మ’లో మాటలు కూడా ఉన్నాయి. చాలా మంచి మాటలు.

నేను: ఉన్నాయి. సరే, మన ఊళ్ళోదే తీసుకో. విజయదశమి వెళ్ళిన మంగళవారం పైడితల్లి సిరిమాను జాతర. అంత పొడుగు మాను కొసన పూజారి కూచుని ఉంటాడు, కోట దాకా మూడుసార్లు వెళ్ళొస్తుంది. లక్షలమంది తలెత్తి ఆయన్నే చూస్తారు. ఆయన ఒక్క మాట అనడు. ఎవరికైనా తక్కువైందా?

బావ: ఆ పోలిక తేకు. అది అమ్మవారు. వేషం కాదు, నటన కాదు. సినిమా పక్కన పెట్టే సంగతి కాదది.

నేను: తప్పే. వెనక్కి తీసుకున్నాను.

బావ: కావాలంటే పులివేషం చెప్పుకో. అదీ ఆ జాతరదే. మొహానికీ ఒంటికీ రంగు పూసుకుని, నోరు విప్పకుండా వీధంతా పులి అయిపోతాడు. అదైతే నీ మూకీ నటుడికి సరిపోతుంది.

నేను: నువ్వే ఇచ్చావు పోలిక.

బావ: ఇచ్చాను, దాంతోపాటు ఇంకోటీ ఇస్తాను తీసుకో. డప్పు ఆగిందనుకో, పులి ఏమవుతుంది? రంగు పూసుకున్న మనిషి అయిపోతాడు. పులిని పులి చేసేది డప్పు. నీ మూకీకి డప్పు ఎవరు కొట్టారు?

నేను: కొట్టారు బావా! మూకీ ఎప్పుడూ నిశ్శబ్దంగా ఆడలేదు. తెర ముందు హార్మోనియం, తబలా, కాస్త పెద్ద హాలైతే ఫిడేలు. డేరా సినిమాల్లో ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు. తెర మీద పడే అక్షరాలు చదివేవాడు, ‘ఇప్పుడు చూడండి దుష్టుడు వస్తున్నాడు’ అని కేకేసేవాడు. చదువు రానివాళ్ళకి ఆయనే సినిమా.

బావ: నిలబడి కథ చెప్పేవాడా? పక్కన హార్మోనియమా?

నేను: అవును.

బావ: అంటే హరికథే కదా! దాసుడి వెనక తెర కట్టారు, అంతే. ఈ మాట ముందే చెప్పొచ్చుగా? గంటనుంచి గొంతు లేదు గొంతు లేదు అని నాతో దెబ్బలాడావు. గొంతు ఉంది. నటుడి దగ్గర కాకుండా వాయించేవాడి దగ్గర ఉంది. ఒకడి మొహానికి మరొకడి గొంతు. నటుణ్ణి చూడకపోతే వాయించేవాడు ఏం వాయిస్తాడు?

(ఇదే ఆ సాయంత్రం నేను నేర్చుకున్నది. మూకీ నటుణ్ణి నేను ఎప్పుడూ ఒంటరిగా ఊహించుకున్నాను, నా క్యాబిన్ కంతలోంచి చూసినట్టే. తెర ముందు చీకట్లో కూచుని, తల పైకెత్తి అతని కళ్ళు చూస్తూ మెట్లు నొక్కే మనిషి నా ఊహలో లేడు. జైరాజ్ కోసం ఎన్ని ఊళ్ళలో ఎంతమంది అలా తలెత్తి వాయించారో.)

బావ: సభలో ఏం చూపిస్తావు? నువ్వు మాటాడుతూ కూచుంటే జనం లేచిపోతారు.

నేను: ఆయన మూకీ లేదు గనక మిగిలినవాటిలో ఒకటి చూపిద్దామని. ఫాల్కే 1919లో తీసిన ‘కాళీయ మర్దనం’ చాలా భాగం మిగిలింది. చిన్ని కృష్ణుడు వేసింది ఆయన కూతురు మందాకిని. ఏడేళ్ళ పిల్ల.

బావ: ఆడపిల్ల కృష్ణుడు వేసిందా?

నేను: అందులో ఒక విచిత్రం ఉంది. కథ మొదలవకముందు ఆ పిల్లని మామూలు పిల్లగా చూపిస్తాడు ఫాల్కే. ఇది ఏడేళ్ళ పిల్ల చేసిన ముఖాభినయం అని తెర మీద రాసి మరీ చూపిస్తాడు. కెమెరా ముందు కూచుని ఒకదాని తరవాత ఒకటి భావాలు మార్చుతుంది. మాట లేదు, కిరీటం లేదు. ఆ తరవాత కృష్ణుడవుతుంది.

బావ: ఒకదాని తరవాత ఒకటంటే? కోపం, నవ్వు, అలాగా? ఒక్కో భావం ఎంతసేపు ఉంటుంది?

నేను: కొద్ది క్షణాలే. చూసి చెప్తాను.

బావ: చూసి చెప్పడం కాదు, తెచ్చి చూపించు. ఒకసారి చూస్తే చాలదు, నాలుగుసార్లు చూడాలి. పిల్ల మొహం మారే చోట నేను రాగం మార్చాలంటే ఆ పిల్ల ఊపిరి నాకు తెలియాలి. ఆలస్యమైతే పిల్ల నవ్వుతుంటుంది, నేను ఏడిపిస్తుంటాను. జైరాజ్ గురించి నువ్వు చెప్పేది ఇరవై నిమిషాల్లో ముగించు.

ఆయన లేచి లోపలికెళ్ళాడు. మంచం కింద నుంచి హార్మోనియం లాగిన చప్పుడు వినపడింది. అరుగు మీద పెట్టి, పాత పంచె ముక్కతో దుమ్ము తుడిచి, తిత్తి ఊది ఒక మెట్టు నొక్కాడు. పలకలేదు. మళ్ళీ నొక్కాడు. గాలి పోయింది గాని స్వరం రాలేదు.

బావ: మధ్యస్థాయిలో ఈ గాంధారం పోయింది. బాగుచెయ్యించాలి. ఇరవై ఎనిమిదికి ఇంకా ఎన్ని రోజులుంది?

నేను: పంతొమ్మిది.

బావ: రేపు పొద్దున్నే రిక్షా పిలువు.